చెరువులో దెయ్యం చేప: పొట్ట మీద మచ్చల కన్నా వలలో పడిన సైజులు చూడండి

వల లాగినప్పుడు బొచ్చె, శీలావతి మధ్య నల్లగా, గరుకుగా, మొసలి తోలు లాంటి ఒంటితో ఒక చేప పడుతోందని కొన్నేళ్లుగా రైతులు చెబుతున్నారు. పత్రికలు దీన్ని దెయ్యం చేప అనీ, డెవిల్ ఫిష్ అనీ రాస్తున్నాయి. అక్వేరియం దుకాణంలో దీని పేరు సక్కర్ ఫిష్. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే నీటి నమూనాలో దాని డీఎన్‌ఏ ఆనవాళ్లు వెతికే పద్ధతి తయారుచేశారు. తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో దాదాపు 60 శాతానికి ఈ చేప పాకిందని వాళ్లు తేల్చారు. అంటే ఇది ఏదో ఒక చెరువులో కనిపించిన వింత కాదు. కాలువ నీరు పెట్టుకునే ప్రతి రైతూ పట్టించుకోవాల్సిన విషయం.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది ప్రాంతం. గాజు తొట్టి గోడలకు పట్టిన పాచి తింటుందని రెండంగుళాల పిల్లను ఇంటికి తెచ్చుకుంటారు. అది అడుగుకు పైగా పెరుగుతుంది, తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పక కాలువలో వదిలేస్తారు. మన చెరువుల్లోకి దారి అక్కడే మొదలైంది.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి. దీనికి పొలుసులు ఉండవు, వరుసలుగా ఎముక పలకలు ఉంటాయి. నోరు తల కింద గుండ్రంగా, అతుక్కునేలా ఉంటుంది. వీపు రెక్క తెరచాపలా లేస్తుంది. ఆ రెక్కలోని పుల్లలు లెక్కపెట్టండి. పది, ఆపైన ఉంటే మన నీళ్లలో సమస్యగా మారిన రకమే. ఏడు దగ్గర ఆగితే అదే కుటుంబంలోని వేరే రకం అక్వేరియం చేప కావచ్చు. దాన్ని కూడా నీళ్లలో వదలకండి. ఒక హెచ్చరిక: కొండవాగుల్లో రాళ్లకు అతుక్కునే మన చిన్న చేపలకు కూడా నోరు కిందే ఉంటుంది, కానీ వాటికి ఈ ఎముక పలకలు ఉండవు. పొరపాటున వాటిని చంపకండి.

తర్వాత అందరూ అడిగేది, ఇది ఏ జాతి అని. చేపను వెల్లకిలా తిప్పి చూడమంటారు. పొట్ట మీద విడివిడిగా ముదురు చుక్కలుంటే పార్డాలిస్, ఆ చుక్కలు కలిసిపోయి వానపాముల్లా మెలికలు తిరిగి ఉంటే డిస్‌జంక్టివస్. పుస్తకంలో ఇంత తేలికే. వలలో మాత్రం సగం చుక్కలు, సగం మెలికలు ఉన్న చేపలు వస్తాయి. ఈ రెండు రకాలూ ఒకదానితో ఒకటి కలిసి పిల్లలు పెడతాయని, వాటిని మచ్చలతో విడదీయడం కష్టమని ఈ చేప పాకిన ఇతర దేశాల పరిశోధకులు రాశారు. మామూలు డీఎన్‌ఏ బార్‌కోడ్ పరీక్ష కూడా ఇక్కడ పూర్తి జవాబివ్వదు. అది తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏనే చదువుతుంది కాబట్టి తండ్రి ఎవరో చెప్పదు.

నా ఉద్దేశంలో రైతు ఈ పేరు కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. జాతి ఏదైనా, సంకరమైనా చెరువుకు చేసే నష్టం ఒక్కటే. సంకరం కదా, గొడ్డుపోతుంది, దానంతట అదే పోతుంది అన్న ధీమా మాత్రం పనికిరాదు. ఇవి పిల్లలు పెడతాయి. మీరు చూడాల్సింది పడిన వాటి సైజులు. ఒకటో రెండో పెద్దవి మాత్రమే వస్తే కాలువ నుంచి వచ్చి ఉంటాయి. వేలెడు పిల్లల నుంచి అడుగు పొడవు దాకా అన్ని సైజులూ వస్తే అవి మీ గట్టులోనే గుడ్లు పెడుతున్నాయని అనుమానించండి.

ఎందుకంటే దీని మగది గట్టులోకి మీటరు దాకా, ఒక్కోసారి ఇంకా లోతుగా బొరియ తవ్వుతుంది. ఆడది అందులో గుడ్లు పెడితే మగది కాపలా కాస్తుంది. గట్టు కుంగుతుంది, నీరు ఊటగా పోతుంది. అడుగున పడిన తవుడు, పాచి, కుళ్లు తింటుంది కాబట్టి మోసు పిల్లల మేతకు గండి. పక్క రెక్కల ముళ్లు వల చింపేస్తాయి, చేతులు కోస్తాయి. మెక్సికోలోని ఇన్ఫియర్నిల్లో జలాశయంలో ఒకప్పుడు తిలాపియా వేట మీద వేల కుటుంబాలు బతికేవి. ఈ చేప పెరిగాక వలల నిండా ఇదే పడి ఆ వేట కుప్పకూలింది. అక్కడి జాలర్లు కూడా దీన్ని దెయ్యం చేప అనే పిలుస్తారు!

ఇక చేయాల్సింది. నీరు పెట్టే తూముకు సన్న కన్ను వల రెండు పొరలు కట్టండి, పంట మధ్యలో చిరిగిందేమో చూసుకోండి. పిల్లలు దింపేటప్పుడు ఒక బకెట్టు నీటిలో పోసి పరిశీలించండి, ఇది అడుగుకు అతుక్కుంటుంది. పంట తీశాక చెరువు ఎండబెట్టడం మంచిదే, అది ఒక్కటే చాలదు. తడి బొరియలో ఇది బతికే ఉంటుంది. నీరు తీసిన వెంటనే గట్టు చుట్టూ తిరిగి నీటి మట్టం కింద ఉండే రంధ్రాలు వెతకండి. తవ్వి, గుడ్లు, చేపలు తీసేసి, సున్నం చల్లి, మట్టి దట్టించండి.

పట్టిన వాటిని గట్టు మీద పారేసి వెళ్లకండి. కడుపుతో గాలి పీల్చుకుంటుంది కాబట్టి తడిగా ఉంటే ఒక రోజు దాకా కూడా బతకగలదు, పక్క కాలువ చేరుతుంది. చంపి, గట్టుకు దూరంగా గుంట తీసి సున్నం వేసి పూడ్చండి. వీపు, పొట్ట, వీపు రెక్క కనిపించేలా మూడు ఫొటోలు తీసి, పడిన తేదీ, ఎన్ని పడ్డాయి, ఏ సైజులు అన్నవి రాసి మీ ఊరి మత్స్య సహాయకుడికి ఇవ్వండి. పక్క చెరువు రైతుకు కూడా అదే రోజు చెప్పండి, ఆయనదీ అదే కాలువ నీరు.