చెవికీ చదువు కావాలి



పట్నం నుంచి వచ్చిన పిల్లవాడికి మొదటిసారి చోడి అంబలి ఇచ్చి చూడండి. ఒక గుక్క తాగి మూతి ముడుచుకొంటాడు. "పుల్లగా ఉంది, నాకొద్దు" అంటాడు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎండలో పని చేసి వచ్చినవాళ్ళకు అదే అంబలి, ఉల్లిపాయ ముక్కతో, ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. ఆ పిల్లవాడే వేసవి సెలవులన్నీ ఇక్కడ గడిపితే, నెల తిరిగేసరికి తానే గ్లాసు పట్టుకొని వంటింటి గుమ్మంలో నిలబడతాడు. అంబలి ఏమీ మారలేదు. వాడి నాలుక నేర్చుకొంది.

నాలుక లాగే చెవి కూడా నేర్చుకొంటుంది. ఈ నెల ఆ సంగతి చెప్పుకొందాం.

ముందు మా విజయనగరం ఫిడేలు కథ వినండి. ఫిడేలు మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. అది యూరపు నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక యూరోపియను విద్వాంసుడి దగ్గర దాన్ని నేర్చుకొని, దానిమీద మన సంగీతం పలికించాడు. అక్కడివాళ్ళు నిలబడి, ఫిడేలును భుజానికీ గడ్డానికీ నడుమ పట్టుకొని వాయిస్తారు. మనవాళ్ళు నేలమీద కూర్చుని, దాని తలను కుడి పాదంమీద ఆనించి వాయిస్తారు. ఇందువల్ల లాభమేమిటో తెలుసా? ఎడమచెయ్యి ఫిడేలు బరువు మోయనక్కరలేదు. వేళ్ళు తీగెలమీద హాయిగా జారుతాయి. మన గమకాలకు కావలసింది ఆ జారుడే. తీగెలను కూడా మనవాళ్ళు స-ప-స-ప అని మన పద్ధతికి తగినట్టు బిగించుకొన్నారు.

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలిసింది. హరికథకు పితామహుడని పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. అక్కడ చదువుకొందామని వెళ్ళిన ఒక యువకుడి వాయిద్యం విని, విద్యార్థిగా కాదు, గురువుగానే చేర్చుకొన్నారని చెప్పుకొంటారు. ఆయనే ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964). ఆయనకు కంటిచూపు చాలా మందం. చెవి మాత్రం మహా పదును. ఫిడేలు పాటగాడి పక్కన కూర్చునే వాద్యంగా మాత్రమే ఉన్న రోజుల్లో, దానిచేత ఒంటరిగా కచేరీ చేయించి మెప్పించినవారిలో ఆయన ముఖ్యులు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలు అయ్యారు. జనం ఆయన్ను ఫిడేలు నాయుడుగారనే పిలిచేవారు. ఇలా పరదేశపు వాద్యమొకటి మా ఊరి పేరుతో కలిసిపోయింది. నూరేళ్ళపాటు ఎందరి చెవులో నేర్చుకొంటే జరిగిన పని ఇది.

సరే, వాద్యం మనదయింది. మరి దాని పుట్టింటి సంగీతం మాటేమిటి?

త్యాగరాజస్వామి 1847 జనవరిలో తిరువయ్యారులో సిద్ధి పొందారు. అప్పటికి ఆయనకు ఎనభై యేళ్ళు కావస్తున్నాయి. అదే సంవత్సరం నవంబరులో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఫేలిక్స్ మెండెల్సన్ అనే సంగీతకర్త కన్ను మూశాడు. అతనికి 38 ఏళ్ళే. మనసులోని భావానికి పెద్దపీట వేసిన ఆ కాలాన్ని అక్కడి సంగీత చరిత్రలో రొమాంటిక్ యుగం అంటారు.

నేను కొత్తగా పంతులుగా చేరిన రోజుల్లో తోటి మాస్టారు ఒకరు నాకొక క్యాసెట్టు ఇచ్చారు. అందులో మెండెల్సన్ రాసిన ఫిడేలు కన్చెర్టో ఉంది. కన్చెర్టో అంటే, ఒక వాద్యం ముందు నిలిచి, వెనక ఉన్న పెద్ద వాద్యబృందంతో మాటకు మాట కలిపే రచన. ఇది సుమారు అరగంట సాగుతుంది.

మొదటిసారి విన్నప్పుడు నాకు సిరిమాను సంబరం నాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డట్టుంది. నాలుగు వైపుల నుంచీ చప్పుళ్ళు. ఎటు చూడాలో తెలియదు. ఇందుకు కారణాలున్నాయి. మన కచేరీలో తంబురా పట్టిన షడ్జమం మొదటి నుంచి చివరి దాకా కదలదు. గాయకుడు ఎంత దూరం తిరిగినా ఆ గడపకే వస్తాడు. వాళ్ళ రచనలో షడ్జమమే చోటు మారుతూ ఉంటుంది. మనకు ఒకేసారి ఒక రాగధార వినిపిస్తుంది. వాళ్ళకు పది వాద్యాలు పది వేరువేరు స్వరాలను ఒకేసారి పలికి, ఒకదానితో ఒకటి పొందిక కుదుర్చుకొంటాయి. మన చెవి గమకం కోసం వెతుకుతుంది. అక్కడ స్వరాలు చాలావరకు నిటారుగా నిలబడి ఉంటాయి.

రాత్రిళ్ళు పిల్లల కాంపోజిషను పుస్తకాలు దిద్దుతూ ఆ క్యాసెట్టు వేసుకొనేవాణ్ణి. కొన్నాళ్ళకు మొదటి వరస చెవిలో నిలిచింది. ఎందుకంటే, ఆ కాలపు కన్చెర్టోలలో సాధారణంగా బృందం చాలాసేపు వాయించిన తరువాతగాని ఫిడేలు పలకదు. మెండెల్సన్ అలా కాదు. బృందం నీటి అలలా కదలగానే ఫిడేలు వచ్చేస్తుంది. ఆ వరస 1838లోనే తన తలలో తిరుగుతూ నెమ్మది లేకుండా చేస్తోందని, అతను తన స్నేహితుడైన ఫిడేలు విద్వాంసుడు ఫెర్డినాండ్ డావిడ్‌కు ఉత్తరం రాశాడు. రచన పూర్తయింది 1844లో. అంటే, ఆరేళ్ళు! డావిడ్ దాన్ని 1845 మార్చిలో లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించాడు.

ఆ తరువాత ఇంకొకటి దొరికింది. మొదటి భాగం పెద్ద హోరుతో ముగుస్తుంది. అందరూ ఆగిపోతారు. ఒక్క వాద్యం మాత్రం, బసూన్ అనే పొడుగాటి కర్రవాద్యం, ఒక్క స్వరాన్ని పట్టుకొని ఉండిపోతుంది. ఆ స్వరం మెల్లగా ఒక మెట్టు పైకి జరుగుతుంది. అక్కడి నుంచి రెండో భాగం, జోలపాటలా, మొదలవుతుంది. ఈ సన్నని దారం ఎన్నోసార్లు నా చెవిపక్క నుంచే పోయి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు దొరకడానికి ఏళ్ళు పట్టింది. మొదటి భాగం నడుమ బృందమంతా ఊరుకొంటుంది. ఫిడేలు ఒక్కటే తన పనితనమంతా చూపిస్తుంది. మన కచేరీలో మృదంగానికి తని ఇచ్చినట్టన్నమాట. చివరికి కమాను నాలుగు తీగెలమీదా చకచకా గెంతుతూ ఉండగా, బృందం మొదటి వరసను నెమ్మదిగా ఎత్తుకొంటుంది. అప్పుడు ఫిడేలు ఏం చేస్తుందో తెలుసా? ఆగదు, తన పాట తాను పాడదు. అలాగే గెంతుతూ బృందానికి పక్కవాద్యమై కూర్చుంటుంది! అంతదాకా సింహాసనంమీద ఉన్న రాజు దిగి వచ్చి, పాడేవాడికి తాళం వేసినట్టు. ఫిడేలును పక్కవాద్యంగా ఎరిగిన మన తెలుగువాళ్ళకు ఈ చోటు మరీ బాగా తెలియాలి కదూ?

వినకుండా పక్కన పెట్టడం వల్ల ఎంత నష్టమో మెండెల్సన్ జీవితంలోనే ఉంది. బాహ్ అనే మహా సంగీతకర్త 1750లో చనిపోయాడు. క్రీస్తు చివరి రోజుల గాథను పాడే అతని పెద్ద రచన, సెయింట్ మాథ్యూ పాషన్, క్రమంగా మరుగున పడిపోయింది. మెండెల్సన్‌కు చిన్నతనంలో అమ్మమ్మ దాని రాతప్రతిని కానుకగా ఇచ్చింది. ఏళ్ళ తరబడి దాన్ని చదివి, 1829లో, తన ఇరవయ్యో ఏట, బెర్లిన్ నగరంలో పాడించాడు. హాలు నిండిపోయింది. పది రోజులకు మళ్ళీ పాడించవలసి వచ్చింది. బాహ్ సంగీతం తిరిగి లోకానికి దక్కడానికి ఆ రోజు పెద్ద మలుపు.

తరువాత మెండెల్సన్ వంతు వచ్చింది. అతను యూదు వంశంలో పుట్టాడన్న కారణంతో 1930లలో జర్మనీని ఏలిన నాజీలు అతని సంగీతాన్ని నిషేధించారు. 1936లో లైప్‌జిగ్‌లోని అతని విగ్రహాన్ని తొలగించారు. మళ్ళీ అక్కడ విగ్రహం నిలిచింది 2008లో.

అతను పన్నెండు పదమూడేళ్ళ ప్రాయంలో, అంటే మీ ఈడున, రాసిన మరొక ఫిడేలు కన్చెర్టో కూడా చాలాకాలం ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. యెహూదీ మెనూహిన్ అనే ప్రసిద్ధ విద్వాంసుడు దాన్ని సంపాదించి, 1952లో న్యూయార్కులో వాయించాడు. ఆ సంవత్సరమే ప్రధాని నెహ్రూగారి ఆహ్వానంమీద ఆయన మన దేశానికి వచ్చాడు. మద్రాసులో మన ద్వారం వారి ఫిడేలు విని ఎంతో మెచ్చుకొన్నాడు. చూశారా! మన చెవి అటు నేర్చుకొంటే, వాళ్ళ చెవి ఇటు నేర్చుకొంది.

వినగా వినగా ఇష్టం ఎందుకు పుడుతుంది? 1968లో రాబర్ట్ జాయెన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన ప్రయోగాలను ప్రకటించాడు. అర్థం లేని మాటలను కొందరికి చూపించాడు, కొన్నిటిని ఒకటి రెండుసార్లు, కొన్నిటిని చాలాసార్లు. ఎక్కువసార్లు చూసినవే మంచి మాటలై ఉంటాయని వాళ్ళకు తోచింది. పరిచయమే ఇష్టానికి తొలిమెట్టన్నమాట. కాని జాగ్రత్త! సబ్బుల ప్రకటన పాట కూడా పదిసార్లు వింటే నోట ఆడుతుంది. అది మొదటిసారి ఎంత ఉందో పదోసారీ అంతే ఉంటుంది. మంచి సంగీతానికి గుర్తు వేరు. ప్రతిసారీ, ఇంతకు ముందు వినపడనిది ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు మీరొక ప్రయోగం చెయ్యండి. ద్వారం వారు వాయించిన త్యాగరాజ కృతి ఒకటి, ఈ మెండెల్సన్ కన్చెర్టో ఒకటి, రెండూ తీసుకోండి. ఇంట్లో అన్ననో అక్కనో అడిగితే ఫోనులో వెతికి పెడతారు. వారానికి ఒకసారి చొప్పున అయిదు వారాలు వినండి. మొదటి వారం ఊరికే వినండి. రెండో వారం ఫిడేలును మాత్రమే వెంబడించండి. మూడో వారం ఫిడేలును వదిలి, వెనక ఎవరు ఏం చేస్తున్నారో గమనించండి. నాలుగో వారం, తిరిగి తిరిగి వచ్చే వరస ఏదో పట్టుకొని కూనిరాగం తియ్యండి. అయిదో వారం కళ్ళు మూసుకొని వినండి. ప్రతి వారం కొత్తగా వినపడ్డదాన్ని నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకోండి.

అయిదు వాక్యాలు పోగయిన తరువాత కూడా నచ్చకపోతే చింత లేదు. ఆ పుస్తకం దాచి, ఏడాది తరువాత ఆరో వాక్యం రాయండి.