చర్మపు రంగు

మా ధర్పల్లిలో పసుపుకొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపట్టి అంగడికి పంపుదురు. మెఱుగుపట్టినగాని కొమ్మునకు ధర పలుకదు. పంటకు ఈ నీతి తగును. దీనినే మన ఆడపిల్లల ముఖములకును వర్తింపజేయుచున్నామనిన చదువరులు కోపింతురేమో. అయినను చెప్పక తప్పదు.

నిరుడు ఎనిమిదవ తరగతివారికి తమ ముఖములను తామే చిత్రించుకొనుడని పని యిచ్చితిని. వచ్చిన పటములన్నియు లేత గులాబివన్నెవే! తరగతిలో ఆ వన్నెవారు ఒక్కరును లేరు. ఏల ఇట్లు వేసితిరని యడుగగా ఒక బాలిక రంగుకణికను చూపి, “స్కిన్‌ కలరు ఇదేనని మీరే చెప్పిన్రు గద, సారూ!” అనెను. నిజమే; తప్పు నాది. అమెరికాలో క్రేయోలా సంస్థవారు 1962లోనే తమ కణికకు “చర్మపు రంగు” అను అర్థమిచ్చు పేరు తీసివేసి, పీచ్‌పండు పేరు పెట్టిరి. నేను మాత్రము ఆ పాత అబద్ధమునే బోధించుచుంటిని.

మఱునాడు కిటికీప్రక్క అద్దము నిలిపితిని. వెలుతురు ఒక్క ప్రక్కనుండియే పడవలెను. కన్నులు తలయెత్తునకు నడుమ నుండునని కొలిచి చూపితిని. క్రొత్తవారు నుదురు కుదించి కన్నులను మీదికి నెట్టుదురు. కన్నులు సగము మూసి చూచినచో వెలుగునీడలు తేటపడును. ఇటుకవన్నెకు నీలము చేర్చిన నీడయు, పసుపుపచ్చ చేర్చిన వెలుగును వచ్చును. ఆ బాలిక చిత్రమున నల్లని చెక్కిలిపై కిటికీవెలుగు నిజముగా మెఱసినది. ఆమె తన్ను తాను మొదటిసారి చూచుకొన్నది.

మూడవనాడు తండ్రి వచ్చెను. “పిల్లను గింత నల్లగ గీయించిన్రేంది, సారూ? రేపు సంబంధమొచ్చేటోళ్లు చూస్తే ఏమనుకుంటరు?” ఆయనపై నాకు కోపము లేదు. ఆయనచేత ఆ మాట అనిపించిన లోకముపై కలదు.

సెల్‌ఫోను పటమును చూచి గీసిన చాలదా యని కొందఱందురు. ఆ యంత్రము మచ్చలను మాపి, చాయను తేల్చి చూపుచున్నది. దానిని దించుట అన్యుల అబద్ధమునకు నకలు వ్రాయుటయే. 1484లో పదుమూడేండ్ల డ్యూరర్ అద్దమును చూచియే తన రూపము గీసికొనెను. ఇది పాశ్చాత్యుల విద్య యందురా? యశోధరుడు జయమంగళావ్యాఖ్యలో చెప్పిన చిత్రకళాషడంగములలో సాదృశ్యము ఒకటి. రంగుల కూర్పు నెఱుగు వర్ణికాభంగము మఱియొకటి. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయను బట్టియే వచ్చినది. క్యాలెండరు పటములలో ఆమెను సైతము తెల్లబఱచితిమి!

ఉన్నది ఉన్నట్లు చూడనేర్వని చేతికి చిత్రకళ రాదు. తన ముఖమును చూచి సిగ్గుపడుమని నేర్పిన పిల్లకు చదువెంత వచ్చినను ధైర్యము రాదు. కావున గృహస్థులారా, మీ పిల్ల తన్ను తాను నల్లగా గీసికొన్ననాడు దిద్దకుడు. అద్దము ఎదుట పెట్టి, పోలిక కుదిరినదా యని మాత్రమే యడుగుడు.

ఆ బాలిక చిత్రమును తండ్రి కోరికపై గోడనుండి తీసివేసితిని. ఇది నా రెండవ తప్పు. ఆ మేకు ఇంకను అక్కడనే యున్నది.