మాట – మూలము: ‘రిడీమ్’

‘మీ పాయింట్లు రిడీమ్ చేసుకోండి’ అంటూ ఈ మధ్య సెల్‌ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. సంఘంలోని ఒక తల్లి అది మాకు చూపించి, “ఇంగ్లీషు బైబిల్లో ఉన్న మాట ఇదేనా అండీ?” అని అడిగింది. ఔను, ఇదే. ఈ నెల ఆ మాట సంగతి చూద్దాం.

ఈ క్రియ 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. దీని పుట్టిల్లు లాటిన్. ఆ భాషలో ‘ఎమెరె’ అంటే కొనుట. దాని ముందు ‘తిరిగి’ అనే అర్థమిచ్చే ‘రెద్’ చేరి ‘రెదిమెరె’ అయింది. అంటే తిరిగి కొనుట. మనం ఎల్.ఐ.సి.కి కట్టే ‘ప్రీమియం’ కూడా ఆ ‘ఎమెరె’ సంతానమే. బందీని విడిపించడానికి చెల్లించే సొమ్మును తెలిపే ‘రాన్సమ్’, మన ‘రిడెంప్షన్’ – ఈ రెండూ ఒకే లాటిన్ మాటకు పుట్టిన తోబుట్టువులు.

తెలుగు బైబిలులో ‘విమోచించు’, ‘విడిపించు’ అని చదువుతాం. విడిపించడమంటే ఏమిటో గోదావరి రైతు ఇంట ఎవరికీ చెప్పనక్కరలేదు. ఊడ్పులకు తాకట్టు, నూర్పులయ్యాక విడిపింపు.

1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చివేసింది. కోతకొచ్చిన సార్వా చేను నీటిపాలైంది. దాళ్వా పెట్టుబడికి మా అమ్మ చేతి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. గడువు దాటింది. వస్తువు వేలానికి వెళ్తుందని కబురొచ్చింది. అమ్మ బోసి చేతులు కొంగులో దాచుకుని ఆరాధనకు వచ్చేది. ఒక సాయంత్రం మా చిన్న మేనమామ వచ్చి, “అక్కా, నీ గాజులు నీకే” అని చేతిలో పెట్టాడు. అసలు, వడ్డీ తానే కట్టాడు. ఆయన తన పాడిగేదెను అమ్మాడని మాకు చాలాకాలానికి గాని తెలియలేదు. అమ్మ గాజులు వేసుకుని గుడికి వెళ్ళిన ఆ ఆదివారం, మామయ్య పిల్లలకు పాలు లేవు.

లేవీయకాండము 25వ అధ్యాయంలో, బీదవాడై భూమి అమ్ముకున్నవాని కోసం దగ్గరి బంధువు దానిని విడిపించాలని ఉంది. అట్టివానిని హెబ్రీలో ‘గోయెల్’ అంటారు. రూతు గ్రంథంలో మొదటి బంధువు తన స్వాస్థ్యానికి నష్టమని వెనుదీశాడు. బోయజు ముందుకొచ్చాడు. విడిపించడానికి వెల ఉంది. ఆ వెల విడుదల పొందినవాడిది కాదు, విడిపించినవాడిది. సిలువ దగ్గర మనం నేర్చుకునేదీ ఇదే.

మామయ్యకు ఇప్పుడు వయసు మళ్ళింది. మేము ఉద్యోగాలు చేశాం, ఇళ్ళు కట్టాం. ఆ గేదె సంగతి ఆయన దగ్గర ఒక్కసారైనా ఎత్తలేదు. ఈ మాట రాస్తుంటే సిగ్గేసింది. ఈ పత్రిక మీకు చేరేలోపు ఆయన గుమ్మం తొక్కాలని నిశ్చయించుకున్నాం.

మీ ఇంటి గాజుల వెనుక ఎవరి గేదె ఉందో, మీరూ ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.