మన నెత్తురుతో లెక్కలు, వాళ్ళ చేతికి పట్టాలు!



అమెరికాలో పబ్లిక్ హెల్త్ చదివేవాళ్ళకు పుస్తకాల చదువొక్కటే చాలదు. కొన్ని వారాలు జనంలో పనిచేసి రావాలి. దాన్ని ప్రాక్టికల్ ట్రైనింగు అంటారు. హెచ్.ఐ.వి. పని నేర్చుకోవాలనుకున్నవాళ్ళు కొందరు ఆఫ్రికా పోతారు, కొందరు ఇండియా వస్తారు. వచ్చి ఎక్కడ నేర్చుకుంటారు? ఊళ్ళో మేడల్లోనా? కాదు. మన పల్లెల్లో, లారీలాగే రోడ్ల పక్కన, సర్కారు ఆసుపత్రి వరండాల్లో.

రావద్దని మేము అనడం లేదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఆర్.డి.టి. పెట్టాడు. ఆ సంస్థ బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు వైద్యం చేసింది. మంచిని మంచనే అంటాం. మేమడిగేది వేరు. ఈ చదువులో మనమెప్పుడూ పాఠంగానే ఎందుకుండాలి? చదివేవాళ్ళుగా, చెప్పేవాళ్ళుగా ఎందుకుండకూడదు?

పాఠంగా మాత్రమే ఉంటే ఏమవుతుందో మన జిల్లాలోనే తేలింది. తెనాలి, బాపట్ల, రేపల్లె అప్పుడు మూడూ గుంటూరు జిల్లావే. పెద్దాసుపత్రులకు వచ్చే గర్భిణీల రక్తమూ, సుఖరోగాల వైద్యానికి వచ్చేవాళ్ళ రక్తమూ పరీక్షచేసి, దాన్నిబట్టి జిల్లా మొత్తానికి లెక్కగట్టేవారు. ఆ లెక్కన జిల్లాలో లక్షా పన్నెండు వేలమందికి పైగా హెచ్.ఐ.వి. ఉన్నట్టు. 2004-05లో డాక్టర్ లలిత్ దండోనా బృందం ఊళ్ళూ వాడలూ తిరిగి 12 వేలమందికి పైగా రక్తం పరీక్షించింది. తేలిందెంత? దాదాపు 45,900.

ఎందుకింత తేడా? ప్రైవేటు డాక్టర్లు అనుమానమున్న కేసుల్ని సర్కారు ఆసుపత్రికి పంపేసేవారు. పేదవాళ్ళు ఎటూ అక్కడికే పోతారు. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళ నెత్తురే జిల్లా అందరి నెత్తురని లెక్కలోకెక్కింది. 2007లో దేశం లెక్క కూడా 50 లక్షల పైనుంచి 25 లక్షల దగ్గరికి దిగింది. ఆ వరండాలో ఎవరుంటారో, ఎందుకుంటారో మన పల్లెలో ఏ ఆడబిడ్డనడిగినా చెప్పేది. అడిగిందెవరు? లెక్కలు కట్టే గదిలో మనవాళ్ళెందరున్నారు?

పనిమాత్రం మనవాళ్ళదే. తలుపు తట్టేది మన పిల్లే. లింకు వర్కరు అనండి, ఆశ అనండి. ఎండలో తిరిగేది, రహస్యం కడుపులో దాచుకునేది, మందులు మానేసినవాణ్ణి బతిమాలి ఏ.ఆర్.టి. సెంటరుకు నడిపించేది ఆమే. ఆమె పదేళ్ళ పనికి ఏ యూనివర్సిటీ మార్కులేస్తుంది? ఎనిమిది వారాలు ఆమె వెంట తిరిగినవాళ్ళకు మాత్రం పట్టా!

మన పిల్లల్ని కూడా విదేశాలకు పంపుతున్నాం కదా అంటారేమో. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులో 2022లో కేంద్రం ఒక నిబంధన చేర్చింది. భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఆ డబ్బు ఇవ్వరట! బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో కొలంబియా పోయారు. 1916లో అక్కడ ఆయన చదివిన వ్యాసం దేనిమీద? కులం మీద! ఈ నిబంధన ఆనాడే ఉంటే? విదేశీ బిడ్డ వచ్చి మన పల్లెను చదవొచ్చు. మన బిడ్డ అక్కడికి పోయి మన సమాజాన్ని చదవకూడదు. ఇదెక్కడి న్యాయం?

మనలో మనకూ ఒక మాట. రోగమున్న ఇంటివాళ్ళకు గ్లాసు వేరు పెట్టేవాళ్ళు పల్లెల్లోనూ ఉన్నారు. కలిసి తింటే, కలిసి తాగితే హెచ్.ఐ.వి. రాదు. హోటళ్ళలో రెండు గ్లాసుల మీద కొట్లాడిన జాతి మనది. మన ఇళ్ళల్లో మూడో గ్లాసు పెట్టొచ్చా?

అందుకే మేము అడుగుతున్నాం:

ప్రాక్టికల్‌కు వచ్చే ప్రతి విద్యార్థి పక్కన మన పల్లె గ్రాడ్యుయేటు ఒకరుండాలి. బ్యాగు మోయడానికి కాదు, మాట తర్జుమా చెయ్యడానికి కాదు. అదే ట్రైనింగుకు, అదే సర్టిఫికెట్టుకు.

రాసిన రిపోర్టు పేర్లూ గుర్తులూ లేకుండా తెలుగులో పల్లెకు చదివి వినిపించాలి.

2022 నిబంధన ఎత్తెయ్యాలి.

కార్యకర్తలారా, ఈ సంగతి ఇంటింటికీ చెప్పండి. 2017లో హెచ్.ఐ.వి. చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనకు అర్థమయ్యేట్టు చెప్పి, మనం ఒప్పుకుంటే తప్ప మామూలుగా మన మీద పరీక్ష గాని పరిశోధన గాని చెయ్యకూడదు. ఎవరొచ్చి కాగితం మీద సంతకం అడిగినా, వేలిముద్ర అడిగినా, ముందు తెలుగులో చదివించుకోండి. ఇష్టం లేకపోతే వద్దనండి. వద్దన్నందుకు మందు ఆపే హక్కు ఎవడికీ లేదు. ఆ మందు దయాధర్మం కాదు, 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్నది.

మన నెత్తురుతో లెక్కలు కట్టింది చాలు. ఇక ఆ లెక్క మన బిడ్డలే కట్టాలి!

జై భీమ్!