గుమాస్తా బల్ల: గోడా, కోడా?

మన ఇళ్లలో గోడ అంటే గోడే. చోళపురంలో బస్సెక్కి రాజపాళయం వైపు నాలుగు మాటలు తమిళంలో మాట్లాడామా, గోడ ‘సువర్’ అవుతుంది. ‘కోడు’ అంటే గీత. తమిళ లిపిలో గకారానికీ కకారానికీ అక్షరం ఒకటే గనుక, మన గోడను ఆ లిపిలో రాస్తే దానికీ గీతకూ చివరి గుణింతమే తేడా. తరతరాలుగా రెండు భాషలతో కాపురం చేస్తున్న మనకు ఇదొక చిక్కు కాదు. అన్నదెవరు, ఎక్కడ అన్నారు అని చూసి అర్థం సరిచేసుకుంటాము. కంప్యూటరుకు ఆ తెలివి లేదు. పేరు ఒకటైతే దానికి వస్తువూ ఒకటే. ఈ మాసం ఆ సంగతి ముచ్చటించదలిచాము. మన కుటుంబాలలో సివిలో, ఆర్కిటెక్చరో చదివి ప్లానులు గీసే పిల్లలున్నారు. గీయించుకొని ఇల్లు కట్టుకునేవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు.

ఆటోక్యాడ్‌లో గోడ గీత మీద ‘నేను ఎర్రగా, లావుగా ఉండాలి’ అని సాధారణంగా రాసి ఉండదు. ‘నేను ఫలానా లేయరుకు చెందినదానను’ అని మాత్రం ఉంటుంది. ఆ లేయరు రంగేమిటి, మందమెంత, కాగితం మీద అచ్చు పడాలా వద్దా అన్నవి ఫైలులో వేరే ఒక పట్టికలో ఉంటవి. లెక్కలు రాసే మా బోటివారికి ఇది కొత్త కాదు. చిట్టాలో ఖాతా నంబరు వేస్తాము. అది మరమ్మతులకా, బండి బాడుగకా అన్నది ఆవర్జా తిరగేస్తేనే తెలుస్తుంది. రెండు శాఖలవారు 14వ నంబరును రెండు పనులకు వాడి, సంవత్సరాంతాన రెండు చిట్టాలూ కలిపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మాకు తెలిసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. ఊరూ పేరూ మనకెందుకు? అన్నదమ్ములిద్దరు కట్టుకుంటున్న ఇల్లు. కింది అంతస్తు ఆ ఆఫీసులో గీశారు. పై అంతస్తు వేరే ఊళ్లో ఉన్న బంధువుల అబ్బాయి గీసి పంపాడు. ఆఫీసువారికి ‘డబ్ల్యు 1’ అనే లేయరు తొమ్మిదంగుళాల బయటి గోడ. ఆ అబ్బాయికి ‘డబ్ల్యు 1’ అంటే మొదటి రకం కిటికీ. ప్లానుల మీద కిటికీకి ఆ గుర్తు వేయటం మామూలే. ఎవరి లెక్కలో వారిది సరే. కాని అతని ఫైలును వీరి ఫైలులోకి చొప్పించారు. ఆటోక్యాడ్ పద్ధతి ఏమంటే, రెండింటిలోనూ ఒకే పేరుగల లేయరు ఉంటే ఇంట్లో ఉన్నదాని మాటే చెల్లుతుంది. వచ్చినదాని రంగూ మందమూ పోతవి. పై అంతస్తు కిటికీలన్నీ గోడలంత లావున కాగితం మీదికి దిగాయి. మేస్త్రీ కాగితాన్ని నమ్మాడు. వెనుక గదికి తూర్పున కిటికీ ఉండవలసిన చోట నిండా ఇటుక లేచింది. పెద్దకోడలు మేడ ఎక్కి చూసి, “ఏం మేస్త్రీ, ఈ గదికి గాలి ఎటునుంచి వస్తుంది?” అని అడిగేదాకా ఎవరూ గమనించలేదు. పడగొట్టిన కూలీ, పోయిన సిమెంటూ ఎవరు భరించాలన్న తగవు నెల రోజులు సాగింది. అన్నదమ్ముల మధ్య రాకపోకలు కూడా కొంత తగ్గినవి. ఒక అక్షరం, ఒక అంకె; అంతే.

దీనికి మందు ఆ సాఫ్టువేరులోనే ఉన్నది. పరాయి ఫైలును చొప్పించక ‘ఎక్స్‌రెఫ్’గా తగిలిస్తే, ప్రతి లేయరు పేరుకూ ముందు ఆ ఫైలు పేరు చేరుతుంది, ఇంటిపేరు పెట్టి పిలిచినట్టు ఎవరిది వారికి విడిగా నిలుస్తుంది. తీరా ఒకటిగా కలిపే రోజున ‘బైండ్’ అన్నదాన్ని ఎంచుకోవాలి. పక్కనే ఉన్న ‘ఇన్సర్ట్’ను ఎంచుకుంటే ఇంటిపేర్లు పోయి పై కథే మళ్లీ.

పెన్నుల సంగతి వేరు. వెనుకటి ప్లాటర్లు నిజమైన పెన్నులతో గీసేవి. రంగును బట్టి పెన్ను. ఆ అలవాటు నేటికీ నిలిచి, ఎర్రరంగు ఎంత మందాన అచ్చు కావాలో ‘సి.టి.బి.’ అనే చిన్న ఫైలు చెబుతుంది. మనవాళ్లు ప్లాను పంపుతారు, దీన్ని మరుస్తారు. అవతలివారి యంత్రం తన దగ్గరున్న పట్టిక ప్రకారం అచ్చు వేస్తుంది. గోడ సన్నబడుతుంది, కొలతగీత లావెక్కుతుంది.

రెవిట్‌లో తంటా మరొక రకం. అక్కడ అందరూ పంచుకునే వివరాలకు, తలుపు నంబరు వంటి వాటికి, పేరుతోపాటు లోపల ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు ఆఫీసులు అదే పేరుతో విడివిడిగా సృష్టించుకుంటే, మనుషులకు ఒకటిగా కనిపించేది యంత్రానికి రెండు. తలుపుల జాబితాలో సగం గళ్లు ఖాళీ. ‘షేర్డ్ పారామీటర్ల’ టెక్స్టు ఫైలు ఒక్కటే ఉంచుకొని అందరూ దానినే వాడటం తప్ప వేరే దారి లేదు. బుడాపెస్టులో పుట్టిన ఆర్కీక్యాడ్‌లో, ఒక ప్రాజెక్టు లక్షణాలను మరొకదానిలోకి సంఖ్యను బట్టి ఎక్కించే వీలు ఉన్నది. ఇక్కడి 12వ నంబరు ఇటుకగోడ మీద అక్కడి 12వ నంబరు పలక అడ్డుగోడ వచ్చి కూర్చుంటే, అదివరకు గీసిన గోడలన్నీ ఒక్కసారిగా మారిపోతవి.

అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఈ పేర్లకు 1990లోనే ఒక పద్ధతి ప్రకటించింది. 1998లో అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 13567 వచ్చింది. హైదరాబాదు నగరపాలక సంస్థ 2016లో ఇళ్ల అనుమతులను కంప్యూటరు ద్వారా ఇవ్వటం మొదలుపెట్టింది. ప్లానును యంత్రమే చదివే ఇటువంటి చోట్ల స్థలం సరిహద్దు ఏ లేయరులో ఉండాలో వారే నిర్ణయిస్తారు. వేరే లేయరులో గీస్తే, ఎంత అందంగా గీసినా, యంత్రానికి అది లేనట్టే.

అమెరికా పట్టికను యథాతథంగా ఎత్తి తెచ్చుకోవాలని మేము అనము. మన ఊళ్లో రెండంతస్తుల ఇంటికి అన్ని పేర్లు బరువే. మేము పని చేసే చోట ఒక రూళ్ల నోటుపుస్తకం ఉన్నది: లేయరు పేరు, అది దేనికి, రంగు, మందం, చేర్చిన తేదీ. గీసేది ఎవరైనా సరే, పుస్తకంలో కొత్త వరుస రాసేది మాత్రం ఒక్కరే. కుర్రవాళ్లు మొదట సణిగారు. కంప్యూటరు ముందు కూర్చొని నోటుపుస్తకమా అని నవ్వారు కూడా. పుస్తకాన్ని బట్టి టెంప్లేటు తయారైంది. అయితే టెంప్లేటు మార్చినంత మాత్రాన పాత ప్లానులు మారవు, వాటికి ‘డి.డబ్ల్యు.ఎస్.’ ఫైలు తగిలించి ఏది తప్పిందో తనిఖీ చేయించాలి. నెలకొకసారి ఆ పని మా బల్ల మీదికే వస్తున్నది. పరాయి ఊరికి ప్లాను వెళ్లేటప్పుడు సి.టి.బి. ఫైలు, అక్షరాల ఫాంట్లు, పుస్తకంలోని పుటల ఫోటో కూడా వెళతవి.

ప్రస్తుతం పుస్తకంలో 23 వరుసలున్నవి. గోడకు ‘గోడ’ అనీ, ‘సువర్’ అనీ పెట్టలేదు; రెండు భాషలవారూ తడబడకుండా చదివే ‘వాల్-9’, ‘వాల్-4.5’ అన్నవే ఉంచాము. మెట్లకు విడిగా లేయరు కావాలా వద్దా అని ఇద్దరు కుర్రవాళ్లు సోమవారం నుంచి వాదించుకుంటున్నారు. తేలేవరకు 24వ వరుస ఖాళీగానే ఉంటుంది.