కనబడని కలివికోడి

చలికాలం వచ్చిందంటే నేలపట్టు నుంచి తేలినీలాపురం దాకా కెమెరాల సందడే. సంతోషమే; పక్షుల పేర్లు తెలిసిన తరం ఒకటి తయారవుతోంది. అయితే ఆ సందడి చేరకూడని చోట్లూ ఉన్నాయి. కడప జిల్లా లంకమల అలాంటిది.

అక్కడి ముళ్లపొదల్లో తిరిగే కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిన పక్షుల లెక్కలో చేరిపోయింది. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టుకున్నాడు. అది కలివికోడేనని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ తేల్చారు. పక్షిశాస్త్రజ్ఞులు పండగ చేసుకున్నారు. పట్టుబడ్డ పక్షి మాత్రం కొద్దిరోజులకే చచ్చిపోయింది. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ ముక్క మింగేస్తారు.

తర్వాత వచ్చిన పరిశోధకులు వేరే దారి పట్టారు. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టి పరిచి వెళ్లిపోయేవారు. తెల్లారాక వచ్చి దానిమీద పడ్డ మూడువేళ్ల గుర్తులు వెతికేవారు. తీతువు అడుగులూ దాదాపు అలాగే ఉంటాయి కనుక కొలిచి మరీ వేరుచేసుకునేవారు. పక్షిని చూడకుండానే అది ఎక్కడ తిరుగుతోందో తెలిసేది. దానికి తమ సంగతే తెలియనివ్వలేదు. ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఇప్పుడేమో ఫోనులో కూత వినిపించి పక్షిని బయటికి రప్పించడం మామూలైపోయింది. తన హద్దులోకి ఇంకో మగపక్షి చొరబడిందనుకుని అది మేత మానుకుని పరుగెత్తుకొస్తుంది. ఫొటోలో గూడు బాగా పడాలని అడ్డొచ్చిన రెమ్మ విరిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఫొటో తీసుకుని వెళ్లాక ఆ సందులోంచి కాకి చూస్తుంది.

పక్షిని తెలుసుకోవడానికి ఫొటోయే కావాలని లేదు. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ రాసిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ 1941లో వచ్చింది. అందులో బొమ్మల కన్నా మాటలే మాకు ఇష్టం: ఏ పిట్ట ఎలా నడుస్తుంది, ఎక్కడ మేస్తుంది, గూడు దేనితో కడుతుంది. ఆ పుస్తకంలో రెండు పేజీలు చదివి పెరట్లో కూర్చుంటే జెముడుకాకి ఒక్కటి చాలు, పూటంతా గడిచిపోతుంది.

ఈ సంచిక నుంచి గూళ్ల ఫొటోలు వేయం. అరుదైన పక్షి గురించి రాస్తే ఊరి పేరు తీసేసి జిల్లాతో సరిపెడతాం. రెడ్డిపల్లి మీరే రాశారుగా అంటారేమో, అది దశాబ్దాలుగా పుస్తకాల్లో ఉన్న పేరే. ఫొటో లేదని వ్యాసం పంపడం మానుకోకండి. పిట్ట ఏం తింటోందో, ఎవర్ని తరుముతోందో రాయండి, అచ్చువేస్తాం.