విందు వేరు, నిత్యభోజనం వేరు

మా ఘంటసాల నేడు కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరు. అయితే క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో పేర్కొన్న కంటకస్సిల అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. బౌద్ధస్తూపం వెలసిన నేల ఇది, రోమను నాణేలు దొరికిన నేల కూడా. కనుక పొట్ట చేతబట్టుకొని దూరదేశాలకు వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నేడు చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ, బందరు చుట్టుపక్కల ఏ వీధిలో విచారించినా, పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉన్నారంటారు. ఫోను చేసిన తల్లి మొదట అడిగేది "అన్నం తిన్నావా?" అనే. "ఇక్కడ మన తెలుగు హోటలుందమ్మా, గోంగూర పచ్చడి కూడా పెడతారు" అని పిల్లవాడంటే ఆ తల్లి మనసు కుదుటపడుతుంది. ఆ మాటను గురించే నేడు మీతో కొంత ముచ్చటించదలచాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తాను. పరాయిచోట తెలుగు హోటలుకు వెళ్లవద్దని నేను చెప్పబోవడం లేదు. ఢిల్లీలో అశోకా రోడ్డు మీది ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఎందరో తెలుగు విద్యార్థులకూ ఉద్యోగులకూ అన్నం పెట్టింది. తెలుగు మాట రానివారు సైతం అక్కడ వరుసలో నిలబడి పప్పన్నం తిని వెళతారు. బెంగళూరులో రెసిడెన్సీ రోడ్డు నాగార్జున వంటి హోటళ్లు ఆంధ్ర భోజనాన్ని ఆ నగరపు రుచుల్లో ఒకటిగా నిలబెట్టాయి. అమెరికాలో డాలస్ పరిసరాల్లోనూ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ, కాలిఫోర్నియా బే ఏరియాలోనూ గుత్తివంకాయ, పెసరట్టు, నాటుకోడి పులుసు దొరుకుతున్నాయి. అక్కడ కడుపు నిండడంతోపాటు సొంత భాషలో పలకరింపు దొరుకుతుంది. నలుగురితో కలిసి కూర్చునే అవకాశం కలుగుతుంది. ఒంటరితనం ఆరోగ్యానికి చేటు చేస్తుందని వైద్యశాస్త్రం అంగీకరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సామాజిక సంబంధాల కోసమే ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. కనుక ఊరుగాని ఊళ్లో తోటివారితో కలిసి తినే ఆవకాయ ముద్దను తక్కువ చేసి మాట్లాడడం వైద్యుని పని కాదు.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ హోటలు మనకు పెడుతున్నది మన ఇంటి విందు. మనం దాన్ని మన ఇంటి నిత్యభోజనమని భ్రమపడుతున్నాము.

మా తరం డెల్టా ఇళ్లలో మామూలు రోజున కంచంలో ఏముండేదో జ్ఞాపకం చేసుకోండి. తోటకూర పప్పో, బచ్చలికూర పులుసో, పెరట్లో కాసిన సొరకాయ, బీరకాయ కూరో, పలుచని చారు, చివర మజ్జిగ. వరికోతల తరువాత అదే మాగాణిలో మినుము, పెసర పండేవి కనుక పప్పుధాన్యాలకు కొదవ ఉండేది కాదు. చేపలు దొరికిననాడు పులుసు కాచుకునేవారు. నెయ్యి ఉన్న ఇంట్లోనూ దాన్ని కొలిచినట్టే వడ్డించేవారు. కోడికూర పండుగకో, అల్లుడు వచ్చినప్పుడో వండేవారు. వేపుళ్లు, గారెలు, బూరెలు, పులిహోర, బందరు లడ్డు, ఇవన్నీ ఏడాదిలో లెక్కపెట్టదగిన రోజుల్లోనే కంచానికి వచ్చేవి.

పరాయి ఊరి హోటల్లో వడ్డన చూడండి. కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, ఆవకాయ, రెండు వేపుళ్లు, ఒక ఇగురు, అప్పడం, వడియాలు, సాంబారు, చారు, గడ్డపెరుగు, పైన ఒక మిఠాయి. పక్కన బిరియానీ. ఏడాది పొడవునా వచ్చే పండుగలన్నీ ఒక్క కంచంలోకి వచ్చి కూర్చున్నాయి. ఇందులో హోటలు యజమాని తప్పేమీ లేదు. తోటకూర పప్పుకూ మజ్జిగకూ అంత సొమ్ము ఇవ్వడానికి మనమే సిద్ధంగా లేము. జ్ఞాపకం తీరు కూడా అదే. అమ్మ చేతి వంట అనగానే మనకు గుర్తొచ్చేది సంక్రాంతినాటి అరిసెలు, మంగళవారం నాటి బీరకాయ కూర కాదు. జ్ఞాపకం ఏది కోరితే వ్యాపారం దాన్నే అమ్ముతుంది.

లెక్క చూద్దాము. ఒక కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, దాదాపు 200 కెలోరీలు ఇస్తుంది. పొడితో ఒక కప్పు, పప్పుతో ఒకటి, సాంబారుతో ఒకటి, చారుతో ఒకటి, పెరుగుతో ఒకటి, ఇలా క్రమం తప్పకుండా తిన్నవారికి అన్నం ద్వారానే 1000 కెలోరీలు అందుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కెలోరీలు తినేవారు తృణధాన్యాల నుండి 45 శాతానికి మించి పొందకూడదని సూచించింది. అంటే రోజు మొత్తానికి 900 కెలోరీలు. ఒక్కపూట 'అన్‌లిమిటెడ్' భోజనంలోనే అన్నం ఆ హద్దు దాటింది. నెయ్యి, నూనె, మిఠాయి ఇంకా లెక్కలోకి రాలేదు. ఉప్పు సంగతీ అంతే. రోజుకు ఐదు గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, వడియం, పొడి, సాంబారు కలిసిన పూట ఆ హద్దు నిలవడం కష్టం.

"మా తాతగారు ఇంతకు రెట్టింపు అన్నం తిని ఎనభై ఏళ్లు బతికారు" అని మీలో కొందరు అనవచ్చు. నిజమే, కాని తాతగారు ఆ అన్నం తిన్నది నాట్లు వేసి, గట్లు చెక్కి, ధాన్యం బస్తాలు మోసి. మనం ఊరు విడిచినప్పుడు రుచిని వెంట తీసుకువెళ్లాము, ఆ శ్రమను పొలంలోనే వదిలివేశాము. పైగా వెనుకటి రోజుల్లో అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోవడమూ పొరపాటే. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారమైన మన ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు బి1 విటమిను లోపంవల్ల వచ్చే బెరిబెరి జబ్బుకు పేరుపడ్డాయి. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు తక్కువ. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెల్లబియ్యం మీద మన మక్కువ మనకు నేర్పిన పాఠం ఆనాటిది.

సంప్రదాయం మారరాదనేవారికి మరొక మాట. ఆంధ్ర వంటకు ప్రాణమనుకునే మిరపకాయ మన దేశపుది కాదు. అది అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ద్వారా ఐదువందల ఏళ్ల క్రితం ఇక్కడికి వచ్చింది. టమాటా సైతం అక్కడిదే. డాలస్‌లో కూర్చుని గుంటూరు కారం తినే తెలుగువాడు ఆ మిరపను దాని పుట్టింటి ఖండంలోనే తింటున్నాడన్నమాట. మిరపను అంతగా కలుపుకోగలిగిన వంట, అన్నం ఒక కప్పు తగ్గించుకుంటే చెడిపోదు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రచురితమైన ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం, 13.6 కోట్లమందికి దాని ముందుదశ ఉన్నట్టు అంచనా వేసింది. మన శరీర నిర్మాణంలో కొవ్వు పొట్టచుట్టూ చేరే స్వభావం ఎక్కువ. అందుచేతనే పాశ్చాత్యులకు బరువు సూచిక, అంటే బీఎంఐ, 25 దాటితే అధికబరువు అంటే, మనకు 23 దగ్గరే జాగ్రత్తపడమంటారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. వలస వెళ్లినంతమాత్రాన ఈ స్వభావం మారదు. అమెరికాలోని దక్షిణాసియావారి గుండెజబ్బులను గురించి షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో 2010 నుండి 'మసాలా' పేరుతో ప్రత్యేక అధ్యయనం నడుస్తున్నదంటే, సమస్య ఎంతటిదో గ్రహించండి. విదేశంలో ముప్పై అయిదేళ్ల కొడుకు గుండెపోటుతో ఆసుపత్రిలో చేరితే, ఇక్కడి వృద్ధులైన తల్లిదండ్రులు విమానమెక్కి చేరేసరికే రెండు రోజులు పడుతుంది.

కనుక హోటలుకు వెళ్లండి, విందుకు వెళ్లినట్టు వెళ్లండి. వారానికి ఒక్కసారి చాలు. మొదట కూర, పప్పు, పెరుగుపచ్చడి తిని, తరువాత అన్నం కలుపుకోండి. ఆ క్రమంలో తింటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. కప్పుడన్నాన్ని మూడు భాగాలు చేసి పప్పుకూ, చారుకూ, పెరుగుకూ పంచుకోండి. ఊరగాయ గాని, అప్పడం గాని, ఏదో ఒకటి ఎంచుకోండి. తిన్న తరువాత పదిహేను నిమిషాలు నడవండి. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారు ఇంట్లోనే వేసుకొని బయలుదేరవద్దు. వరుసలో నిలబడి వడ్డన ఆలస్యమైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముంది. మీకు తగిన వేళను మీ వైద్యుని అడిగి నిర్ణయించుకోండి. ముప్పై దాటిన ప్రతివారూ రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుండి 6.4 వరకు ఉంటే అది ముందుదశ. అప్పుడు మేల్కొంటే చాలావరకు చక్కదిద్దుకోవచ్చు.

హోటలు నడిపేవారికీ ఒక విన్నపం. వారానికి రెండు రోజులైనా నిజమైన ఇంటిభోజనం పెట్టండి. ఆకుకూర పప్పు, పొట్లకాయ కూర, చారు, దంపుడు బియ్యపు అన్నం కొద్దిగా, పలుచని మజ్జిగ. దానికీ తగిన వెల తీసుకోండి. మేము ఇవ్వడం నేర్చుకోవాలి.

ఇక్కడున్న తల్లిదండ్రులకు చివరిమాట. "తిన్నావా?" అని అడగడం మానకండి. దానితోపాటు "ఆకుకూర ఏం తిన్నావు, ఎంత నడిచావు?" అని కూడా అడగండి. పెట్టెలో ఆవకాయ జాడీ సర్దేటప్పుడు బీరకాయ కూర, తోటకూర పప్పు చేసే విధానం కూడా నేర్పి పంపండి. మీరు చిన్నప్పుడు రోజూ పెట్టిన ఆ సాదా అన్నం ఏ దూరదేశపు హోటల్లోనూ దొరకదు. దాన్ని వాళ్లే వండుకోవాలి.